నది అవతలికి పోయిన బడి

భూగోళం మాస్టారిది ఇరవై ఆరేళ్లుగా ఒకే పాఠం. మనిషి గీసిన గీతను మనిషే చెరుపుతాడు, కొండలూ నదులూ గీసిన సరిహద్దు మాత్రం చెక్కుచెదరదు. ఊరిని ఆనుకుని పారే నదే ఆయనకు సాక్ష్యం. ఇటు మన దేశం, అటు పొరుగు దేశం, మధ్యలో నీళ్లు. "నది పక్కకు జరిగితే?" అని పరీక్షలో రాసిన ఒకడికి ఆయన సున్నా వేసి, ఆ సున్నాకి కళ్లూ ముక్కూ కూడా పెట్టారు.

ఓ ఏడు పెద్ద వరద వచ్చింది. మూడు రోజులు ఎవరూ గడప దాటలేదు. నాలుగో రోజు వాన వెలిశాక చూస్తే, నది పాత దారి వదిలేసి మాస్టారి వీధికీ బడికీ మధ్య నుంచి దర్జాగా పోతోంది. రెండు దేశాల ఒప్పందంలో సరిహద్దు అంటే నది నడిమధ్య అని ఉంది. బడీ, దాని చుట్టూ ఉన్న పద్నాలుగు ఇళ్లూ పరాయి దేశమైపోయాయి.

నీళ్లు మోకాలి లోతుకు తగ్గాక మాస్టారు పంట్లాం మడిచి, చెప్పులు చంకన పెట్టుకుని బయల్దేరారు. గట్టు మీద జవాను చెయ్యి అడ్డం పెట్టాడు. తేరిపార చూస్తే, ఆ సున్నా తెచ్చుకున్నవాడే.

"అనుమతి పత్రం ఉందా మాస్టారూ?"

"నా బడికి నేను పోవడానికి పత్రమేమిట్రా?"

"ఇది సరిహద్దండీ. చెక్కుచెదరదని మీరే చెప్పారు," అన్నాడు వాడు ఎంతో వినయంగా.

మాస్టారు ఇంటికొచ్చి పై వాళ్లకు అర్జీ పెట్టారు. పరాయి దేశంలోని బడితో తమకు సంబంధం లేదని జవాబొచ్చింది. మరుసటి వారం, బడికి ఎందుకు రావడం లేదో సంజాయిషీ ఇవ్వమని అదే ఆఫీసు నుంచి ఇంకో కాగితం వచ్చింది. మిగతా ఇద్దరు టీచర్లు బదిలీ చేయించుకున్నారు. పొరుగు దేశం వాళ్లు వచ్చి పిల్లల తలలు లెక్కపెట్టుకు పోయారే గానీ, ఒక్క పంతుల్నీ పంపలేదు.

ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్న మొగుణ్ని చూసి చూసి, భార్య అంది: "మీరు అరిస్తే వీధి చివరిదాకా వినిపిస్తుంది. గొంతుకి కూడా పత్రం కావాలన్నారా?"

మర్నాటి నుంచి ఇవతలి గట్టున మాస్టారి కుర్చీ, అవతలి గట్టున పిల్లల చాపలు. రుతుపవనాలూ అక్షాంశాలూ ఏ పత్రమూ లేకుండా నది దాటాయి. గాలి ఎదురు తిరిగిన రోజు జవానే పాఠం అందుకుని రెండోసారి అరిచేవాడు. సరిహద్దుల పాఠం వంతు వచ్చినప్పుడు మాత్రం మాస్టారు గొంతు బాగాలేదని పక్క పాఠానికి పోయారు.

ఏడాదిన్నర తర్వాత రెండు దేశాల పెద్దలూ వచ్చి, నదిని నమ్మడానికి వీల్లేదని తేల్చి, పాత దారి వెంట రాతి స్తంభాలు పాతించారు. బడి మళ్లీ మనదైంది. జవాను కాపలా ఆ స్తంభాల దగ్గరికి మారింది.

మాస్టారు వంతెన కోసం ఇంకో అర్జీ పెట్టారు. నది సరిహద్దుగా ఉన్నన్నాళ్లూ వంతెన కుదరదన్నవాళ్లు, ఇప్పుడది సరిహద్దు కాదు గనక తొందరేమీ లేదన్నారు. దాంతో భార్య ఒక పొడి పంట్లాం బడిలోనే ఉంచమని కట్టి ఇచ్చింది. ఉద్యోగం ముగిసే దాకా మూడేళ్లు ఆయన రోజూ నీళ్లలో దిగే వెళ్లారు. ఆయన బట్టలు మార్చుకుని వచ్చేలోపు పిల్లలకు రోజూ ఐదు నిమిషాల ఆట దొరికేది.