చివర చూడని సినిమా

ఈమధ్య ఆదివారం మధ్యాహ్నాలు టీవీలో ఒక ప్రోగ్రాం వస్తోంది. తప్పిపోయినవాళ్లను వెతికి తెచ్చి, స్టేజీ మీద వాళ్లవాళ్లకు అప్పజెప్పే ప్రోగ్రాం. ఆ ప్రోగ్రాం వాళ్లకు ఒక ఉత్తరం రాసిపెట్టమని మా వదిన నన్ను అడిగింది. నేను అయిదో తరగతితో ఆగిపోయినదాన్ని. ఇన్నేళ్లలో పచారీ చీటీ తప్ప ఏమీ రాయలేదు. ఆ ఉత్తరం సగంలో ఆగిపోయింది. ముందు ఇది రాసేస్తే అది సాగుతుందేమోనని కూర్చున్నాను. తప్పులుంటే ఏమీ అనుకోకండి.

ఆ ప్రోగ్రాం నాకు నచ్చదు, ముందే చెప్పేస్తున్నాను. ఒక ముసలావిడ ఏడిస్తే ఆ ఏడుపునే మూడుసార్లు చూపిస్తారు. మూడోసారి మెల్లగా తిప్పి చూపిస్తారు. వెనకాల ఉరుము ఉరిమినట్టు ఒక మోత. మైకు పట్టుకున్న అమ్మాయి "ఇప్పుడు మీకేమనిపిస్తోందమ్మా?" అంటుంది. కొడుకు తెర వెనకాలే ఉన్నాడని తెలిసిన తల్లిని అడగాల్సిన మాటేనా అది! సరిగ్గా తెర తీసే టైముకి సబ్బు ప్రకటన వస్తుంది. పిల్లల డాన్సు పోటీలూ అంతే. ఏడేళ్ల పిల్ల కింద పడితే జడ్జీలు కళ్లు తుడుచుకుంటారు గానీ దాన్ని లేపరు. వీటికంటే సినిమాలే నయం. అవి అబద్ధమని అందరికీ తెలుసు. అందరికీ తెలుసనే అనుకునేదాన్ని.

సినిమా అంటే మాకు అవనిగడ్డ. మా ఊరు నాగాయలంక దాటాక, సముద్రం వైపు. మ్యాట్నీ రెండున్నరకు మొదలైతే అయిపోయేసరికి అయిదుంపావు. మా ఊరి బస్సు అయిదింటికి. అది పోతే మళ్లీ తెల్లారే. అందుకని మా ఊరి ఆడవాళ్లం ఏ సినిమా చివరా చూసి ఎరగం. విలన్ హీరో తల్లిని స్తంభానికి కట్టేసేసరికి మేము చెప్పులు వెతుక్కుంటూ ఉండేవాళ్లం. "లంకోళ్ల బస్సొచ్చింది రోయ్! తలలు దించండమ్మా, కనపడట్లా!" అని వెనక బెంచీల వాళ్లు అరిచేవాళ్లు. చివర ఏమైందో హాలు దగ్గర సోడాలమ్మే బాబాయి చెప్పేవాడు, అదీ మళ్లీ ఏ నెలకో వెళ్లినప్పుడు. అప్పటిదాకా ఆ తల్లి మా మనసుల్లో కట్టేసినట్టే ఉండేది. అన్నం తింటుంటే గుర్తొచ్చేది.

ఇది మా అన్నయ్య సముద్రం మీద చేపల వేటకెళ్లి తిరిగి రాని మరుసటేడు సంగతి. గాలివాన వస్తుందని రేడియోలో చెప్పేసరికే పడవ వెళ్లిపోయింది. వెళ్లినవాళ్లు నలుగురు. ముగ్గురు బతికి ఒడ్డున పడ్డారు. అన్నయ్య ఏమయ్యాడో వాళ్లకీ తెలియలేదు. వదినకు అప్పుడు ఇరవై నాలుగు. పిల్లల్లేరు. గుమ్మం దగ్గర్నుంచి కదలట్లేదని అమ్మ పోరితే నేనే సినిమాకు తీసుకెళ్లాను. ఏ సినిమానో కనుక్కోకుండా వెళ్లడం నా తెలివి. అందులో హీరో పడవ మునిగిపోతుంది. హీరోయిన్ రోజూ ఒడ్డుకొచ్చి నిలబడుతుంది. వదిన రెప్ప వేయకుండా చూసింది. అయిదుకి పది ఉందనగా చెయ్యి పట్టి లాక్కొచ్చాను. నాగాయలంకలో బస్సు ఆగినప్పుడు అడిగింది.

"వస్తాడంటావా?"

"ఎవరు వదినా?"

"సినిమాలో అతను."

నాలుగు రోజులకు నేనొక్కదాన్నే పనేదో పెట్టుకుని అవనిగడ్డ వెళ్లి సోడా బాబాయిని అడిగాను. "ఎక్కడొస్తాడే పిచ్చిదానా! శవం కొట్టుకొస్తుంది. ఆ పిల్ల గాజులు పగలగొట్టుకుంటుంటే హాల్లో ఏడవనోళ్లు లేరంటే నమ్ము," అన్నాడు, సోడా కొట్టి చేతిలో పెడుతూ. ఇంటికొచ్చేసరికి వదిన గుమ్మంలోనే ఉంది. నా మొహం వంకే చూస్తోంది.

"వచ్చేస్తాడు వదినా," అన్నాను. "వేరే దేశం పడవోళ్లు తీశారంట. తలకి దెబ్బ తగిలి ఊరి పేరు మర్చిపోయాడంట. గుర్తు రాగానే వచ్చేశాడంట."

ఆ పూట వదిన కడుపునిండా అన్నం తింది. మంచిపని చేశాననుకున్నాను.

కర్మ చేసేద్దామని పెద్దలంటే వదిన ఒప్పుకోలేదు. బొట్టు తీయనంది. తర్వాత రెండేళ్లకు బంటుమిల్లి నుంచి వాళ్ల నాన్న వచ్చాడు, మారుమనువు సంబంధం పట్టుకుని. భార్య పోయిన మనిషి, నెమ్మదస్తుడు, చిన్న పాప ఉంది. "అమ్మా, వయసులో ఉన్నావే. ఎన్నాళ్లని చూస్తావు?" అని ఆయన కూతురి కాళ్లు పట్టుకున్నంత పని చేశాడు.

"ఊరి పేరు గుర్తొచ్చేదాకా నాన్నా," అంది వదిన.

ఆయనకు అర్థం కాలేదు. తలుపు పక్కన నిలబడిన నాకు అర్థమైంది. నేను నోరు తెరిస్తే సరిపోయేది. తెరవలేదు. ఆమె కోసమే ఊరుకున్నానని చెప్పుకుంటే అది ఇంకో అబద్ధం. మా అన్నయ్య కదా, అతను వస్తాడనే మాట ఇంట్లో ఉండటం నాక్కూడా కావాల్సి వచ్చింది. వాళ్ల నాన్న మజ్జిగ కూడా ముట్టకుండా వెళ్లిపోయాడు. ఆ నెమ్మదస్తుడికి మరెవరో దొరికారని తర్వాత విన్నాం.

పోయిన వారం ఆ సినిమా టీవీలో వేశారు. వదిన మా ఇంట్లో నా పక్కనే కూర్చుంది. రోజూ పోయే కరెంటు ఆ రోజు పోలేదు. మా ఊరి కరెంటు మీద నేనంత ఆశ ఎన్నడూ పెట్టుకోలేదు. "వంకాయలు తరుగుదాం రా వదినా," అన్నాను.

"ఇప్పుడు బస్సేం పోదుగా, ఉండవే," అంది.

శవం వచ్చింది. గాజులు పగిలాయి. తెర మీద అక్షరాలు పడ్డాయి. ఇంక దాచలేక చెప్పేశాను. "అప్పుడు నేను చెప్పింది అబద్ధం వదినా. నేనే కల్పించాను. సోడా బాబాయి ఇదే చెప్పాడు."

"ఆ తాగుబోతు మాట నమ్ముతావా?" అంది వదిన. "టీవీవాళ్లు చివర కోసేశారే. ప్రకటనలకి టైము చాలదుగా. ఆ శవం ఇంకెవరిదో. తర్వాత వస్తాడు." లేచి, చీర కుచ్చెళ్లు సర్దుకుని, "ఆ ఆదివారం ప్రోగ్రాం వాళ్లకి ఉత్తరం రాయవే" అంది.

అన్నయ్య పేరు రాశాను. ఊరు రాశాను. వయసెంత వేయమంటావని అడిగితే తడుముకోకుండా "ఇరవై ఎనిమిది" అంది.

"అది అప్పుడు వదినా. ఇప్పుడు?"

"ఇప్పుడెంతో నాకేం తెలుసు? నేను చూళ్లేదుగా."

ఆమె తలలో సగం నెరిసింది. చూపు ఆనక, నేను రాసిన అక్షరాలను కళ్లు చికిలించుకుని చూస్తోంది. ఇరవై ఎనిమిదే వేశాను. ఆ తర్వాత కలం కదల్లేదు. ఈ పదిహేడేళ్లూ ఆమె ఒక్కదానికే గడిచాయి.