పదిహేనో నంబరు

మా ఆసుపత్రిలో నెట్‌వర్కు చూసే ఆయన్ని అందరం బావగారు అనేవాళ్లం. పెద్ద డాక్టరు దగ్గర్నుంచి వాచ్‌మన్ దాకా ఆయన అందర్నీ "బావా" అనే పిలిచేవారు, ఇక మాకు వేరే దారి ఏముంది? యాభై రెండేళ్ల మనిషి. పదకొండేళ్లుగా కాంట్రాక్టు మీదే నెట్టుకొస్తున్నారు. ఏటా మేనేజరు సంతకం పడితే ఇంకో ఏడాది ఉద్యోగం. ఆయన దగ్గర పని నేర్చుకున్న నేనేమో పర్మనెంటు.

ఆయన చాదస్తమల్లా నెట్‌వర్కులో సర్వర్లకూ మిషన్లకూ ఇంటి నంబర్లలా ఇచ్చే నంబర్ల గురించే. ఏ నంబరు దేనికిచ్చారో పెన్సిలుతో రాసి, ఆ కాగితాన్ని సర్వర్ బీరువా తలుపు లోపల అంటించారు. కొత్తగా దేనికి నంబరు ఇవ్వాలన్నా ముందు అది చూడాల్సిందే.

"ఫోన్లూ లాప్‌టాప్‌లూ అద్దెకుండేవాళ్లు బావా, రోజుకో ఇల్లు మారినా ఫర్వాలేదు. సర్వర్ అలాక్కాదు. అది డాక్టరు లాంటిది. చెప్పకుండా ఇల్లు మారిందా, రోగులు వీధులు పట్టుకు తిరగాలి" అనేవారు.

నేను నవ్వేవాణ్ణి. కంప్యూటర్ల కాలంలో పెన్సిలేమిటని నా ధీమా.

కూతురి కాన్పుకని ఆయన వారం సెలవు పెట్టినప్పుడు ల్యాబు రిపోర్టుల కొత్త సర్వర్ వచ్చింది. దానికి మారని నంబరు ఒకటి ఇచ్చే పని నా మీద పడింది. బావగారు పనిగట్టుకుని ఫోన్ చేసి కాగితం చూడమన్నారు. చూస్తానన్నాను, చూడలేదు. నా కంప్యూటర్లోంచి పదిహేనో నంబరును పలకరించాను. జవాబు రాలేదు. ఖాళీగా ఉందనుకుని సర్వర్‌కిచ్చేశాను. అది భోజనాల వేళ. పదిహేనో నంబరున్న ఎక్స్‌రే మిషన్‌ను ఆపేసి ఉంచారు. ఆపేసిన మిషను పలకదన్న సంగతి నాలాంటి మేధావికి తట్టలేదు.

మిషను ఆన్ చేశాక రెండూ ఒకే నంబరు కోసం కొట్టుకున్నాయి. రిపోర్టులు ఒకసారి వస్తే రెండుసార్లు రావు. రెండు రోజులు ల్యాబు వాళ్లు కాగితాలు పట్టుకుని మెట్లెక్కి దిగారు. ఒక ఆపరేషను వాయిదా పడింది. మూడోరోజు బావగారు సెలవు మధ్యలో వచ్చి పది నిమిషాల్లో సంగతి పట్టేశారు. కాగితం చూశారు, తెర చూశారు, నన్ను చూశారు. ఇది ఎవరి నిర్వాకమని మేనేజరు అడిగారు. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

"నా కాగితం సరిగ్గా లేదండి" అన్నారు బావగారు.

కాగితంలో పదిహేను ఎదురుగా 'ఎక్స్‌రే' అని గుండ్రటి అక్షరాల్లో స్పష్టంగా ఉంది.

ఆ నెలే ఆయన కాంట్రాక్టు అయిపోతుంది. ఈసారి సంతకం పెట్టేది అనుమానమేనని ఆఫీసులో అందరూ అనుకున్నారు. నేను నిజం చెబితే నాకు మహా అయితే ఒక మెమో వచ్చేది. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు. అయినా ఇవాళ కాదు రేపు అనుకుంటూ నెల గడిపేశాను. నెలాఖరున ఆయన తన స్క్రూడ్రైవర్లు సంచీలో వేసుకుని వెళ్లిపోయారు.

ఏడాది తర్వాత ఒక రిపేరు షాపులో కనిపించారు. పక్కన స్టూలు లాగి కూర్చోమన్నారు, మనవడి ఫొటో చూపించారు. ఇక ఉండబట్టలేక, ఆ తప్పు నాదేనని చెప్పేశాను.

"తెలుసు బావా" అన్నారు, విప్పిన లాప్‌టాప్ మీంచి తల ఎత్తకుండానే. "అందరి ముందూ నీ పరువెందుకు తీయాలని అలా అన్నాను. తర్వాత నువ్వే వెళ్లి చెప్తావనుకున్నా. నెలాఖరు దాకా చూశాను."

ఆ మాట కోపంగా అని ఉంటే కొంచెమైనా తేలికపడేవాణ్ణి.