మంచం తిరిగొచ్చినప్పుడు

ఆ ఇంటి ముందుగదిలోకి మొదటిసారి అడుగుపెట్టినవాళ్లు గడప దగ్గరే ఒక క్షణం ఆగుతారు. ఇల్లో, ఆసుపత్రో తేల్చుకోలేరు. గోడ వెంబడి మడతపెట్టిన వీల్‌చైర్లు, వాటి మీద వాకర్లు, మూలన తడిసిన గొడుగుల్లా నిలబెట్టిన చంకకర్రలు, మిగిలిన చోటంతా రోగుల ఇనుప మంచాలు. ప్రతి మంచానికీ కాళ్లవైపు ఒక పిడి ఉంటుంది. తిప్పితే తలవైపు లేస్తుంది. వీటి సందుల్లోంచి పక్కకు ఒరిగి నడుస్తూ, మెడలో టేపుతో, ఒక పొట్టి మనిషి లోపల్నుంచి వస్తుంది. వీధిలో అందరూ ఆమెను టైలరమ్మ అంటారు. ఆ సామాను ఆమెది కాదు, ఊళ్లోని సేవా క్లబ్బుది. అవసరమైనవాళ్లు ఉచితంగా పట్టుకెళ్లి, అవసరం తీరాక తెచ్చి ఇస్తారు. గది మాత్రం ఆమెది.

క్లబ్బులో ఆమె చేరడం వెనక పెద్ద ఆశయమేమీ లేదు. లారీ మెకానిక్ అయిన భర్త, జాకీ జారి కాలు విరగ్గొట్టుకున్నప్పుడు క్లబ్బువాళ్లు వీల్‌చైర్ ఇచ్చారు. దాన్ని తిరిగి ఇవ్వడానికి వెళ్తే, అధ్యక్షుడిగా ఉన్న పళ్ల డాక్టరు "మీలాంటివాళ్లే మాకు కావాలమ్మా" అన్నాడు. అంతవరకూ ఆమెను కావాలన్నవాళ్లందరికీ నిజానికి కావలసింది అర్జెంటుగా బట్టలు. ఆ మాట ఆమెకు తీయగా అనిపించింది. చేరింది. డాక్టరు స్వయంగా బ్యాడ్జి పెట్టాడు.

రెండో మీటింగులో ఒక ప్రశ్న వచ్చింది. సామాను దాచే పెద్దాయన ఇల్లు మారుతున్నాడు. ఎవరి దగ్గరైనా చోటుందా? "ఒక్క నెల చాలు" అన్నాడు డాక్టరు. అందరూ ఎవరి టీ కప్పులోకి వాళ్లు చూసుకున్నారు. ఆ నిశ్శబ్దం ఎంతకీ తెగలేదు. కొత్త మనిషి కాబట్టి ఆమె దాన్ని భరించలేకపోయింది. చెయ్యెత్తింది. చప్పట్లు కొట్టారు. ఆ క్లబ్బులో చప్పట్లు కొట్టారంటే పని మెడకు చుట్టుకున్నట్టేనని ఆమెకు అప్పటికింకా తెలియదు.

"మొహమాటానికి పోతే ఏదో అయిందన్న సామెత ఊరికే పుట్టలేదు" అన్నాడు భర్త, మొదటి మంచం గుమ్మంలో ఇరుక్కున్నప్పుడు.

"ఒక్క నెలేగా."

ఆ ఒక్క నెలా పూర్తి కాకుండానే కూతురు చదువు ముగించింది, ఉద్యోగంలో చేరింది, పెళ్లి చేసుకుని వెళ్లిపోయింది. ఈలోగా క్లబ్బు బోర్డుల మీద ఆమె ఫోన్ నంబరు ఎక్కింది. చుట్టాలొస్తే వంటింట్లో కూర్చోబెట్టడం అలవాటైంది. "ఈ ఇంట్లో ఒంట్లో బాగున్నది మనమిద్దరమే. మనకే కూర్చోను చోటు లేదు" అనేవాడు భర్త. ఆమె నవ్వేది. తర్వాత్తర్వాత నవ్వడం మానేసింది.

అసలు ఇబ్బంది వీధి చివర మొదలైంది. ఆమె కుట్టుకొట్టు ఉన్న పాత భవనాన్ని పడగొట్టి కొత్తది కడతామన్నారు. నెలాఖరుకల్లా ఖాళీ చెయ్యాలి. చుట్టుపక్కల అద్దెలు ఆమె సూదికి అందేవి కావు. రెండు మిషన్లు, ఒక కత్తిరింపు బల్ల, బట్టలు వేసుకుని చూసుకునేవాళ్లకు ఒక కర్టెను. వీటికి సరిపోయే గది ఆమెకు ఉంది. అందులో మంచాలున్నాయి.

డాక్టరు దగ్గరికి వెళ్లి చెప్పింది.

"అయ్యో, తప్పకుండా ఖాళీ చేయిద్దాం. ఇంకో చోటు చూపించండి, రేపే వ్యాను పంపిస్తాను."

చోటు చూపించాల్సింది తనేనన్నమాట. సభ్యులందరినీ అడిగి చూసింది. ఒకరిది మూడో అంతస్తు. ఒకరికి కరిచే కుక్క. ఇంకొకరికి భార్య.

చోటు దొరక్కపోతే మిషన్లు అమ్ముకుని, బజారులో రెడీమేడ్ బట్టల దుకాణంలో గుండీలు కుట్టే పనికి కుదరాలి. ఆ దుకాణం యజమాని అప్పటికే ఒకసారి, "నీకోసం స్టూలు ఉంచాను, ఎప్పుడొస్తావ్?" అని అడిగాడు కూడా.

సరిగ్గా ఆ వారమే క్లబ్బులో ఒక కొత్త సభ్యురాలు చేరింది. డ్రైవింగ్ స్కూలు నడుపుతుంది. గట్టి గొంతు, గట్టి నడక. పాత కారు అమ్మేశాక ఆమె షెడ్డు ఖాళీగా ఉందట. ఆ సంగతి తెలియగానే డాక్టరు టైలరమ్మకు ఫోన్ చేశాడు. "మీ ఇంటికి పంపిస్తున్నాను. కొత్తవాళ్లకు తెలియాల్సిందంతా మీరే చెప్పండి. మరీ భయపెట్టకండి."

సాయంత్రం డ్రైవింగ్ స్కూలావిడ వచ్చింది. మంచాల మధ్య తిరిగింది, ఒకదాని పిడి పట్టుకుని తిప్పింది, తల లేస్తుంటే ముచ్చటపడింది.

"పని ఎంతుంటుందక్కా? నిజం చెప్పండి."

"ఏముంటుందమ్మా. ఎవరో ఫోన్ చేస్తారు, వచ్చి పట్టుకెళ్తారు. పనయ్యాక తెచ్చిస్తారు. తుడిచి పెట్టుకోవడమే."

"అంతేనా?"

"అంతే."

చెప్పిన దాంట్లో అబద్ధమేమీ లేదు. తెల్లవారకముందే మోగే ఫోన్ల సంగతి చెప్పలేదంతే. ఇంకొకటి కూడా చెప్పలేదు. నిజానికి అదే ముందు చెప్పాల్సింది. చంకకర్రలు తిరిగొస్తే ఎలా ఉందని అడగొచ్చు. చాలాసార్లు వాటిని తెచ్చేది నయమైన మనిషే. మంచం తిరిగొస్తే మాత్రం అడక్కూడదు. మంచాన్ని, దాని మీద పడుకున్న మనిషే తెచ్చివ్వడం అరుదు. అది టైలరమ్మకూ ఎవరూ చెప్పలేదు. మొదటిసారి తనూ అడిగింది. ఎదురుగా ఉన్న ముసలావిడ మొహం చూసి నేర్చుకుంది. ఈ మాట ఇప్పుడు చెబితే షెడ్డు చేజారుతుందేమో. వ్యాను వెళ్లాక చెబుదాంలే అనుకుంది.

"సోమవారం షెడ్డు ఊడ్పిస్తాను. వ్యాను పంపించండి" అంది డ్రైవింగ్ స్కూలావిడ.

టైలరమ్మ గుండె మీంచి ఏదో దిగింది. టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది. పొయ్యి ముందు నిలబడి మనసులోనే మిషను కిటికీ కింద వేసింది, బల్ల గోడవైపు జరిపింది, కర్టెనుకు రంగు కూడా ఎంచింది.

అప్పుడే బయట ట్రాలీ ఆటో ఆగిన చప్పుడైంది. ఇనుము మీద ఇనుము రాసుకుంది. తెలిసిన చప్పుడే. వెంటనే డ్రైవింగ్ స్కూలావిడ చెప్పులు గుమ్మం దాటడం వినిపించింది. పాపం, తొలి సేవ తన చేత్తో చేద్దామని ఉత్సాహం.

"అప్పుడే తెచ్చేశారా! ఎవరికండీ, నాన్నగారికా?"

టైలరమ్మ టీ గిన్నె అలాగే వదిలేసి బయల్దేరింది. మంచాల మధ్య పరిగెత్తడానికి లేదు. ఒక అంచు మోకాలికి తగిలింది. పక్కకు ఒరిగింది. వాకరు ఒకటి అడ్డం పడింది.

"మా మంచం చలవ చూశారా! ఇప్పుడు లేచి తిరుగుతున్నారా మరి?"

ఆమె గుమ్మం చేరేసరికి మాట అయిపోయింది. మంచాన్ని ఒకవైపు పట్టుకుని నిలబడ్డ నడివయసు మనిషి, మర్యాద తప్పకుండా జవాబిస్తున్నాడు.

"లేదండీ. మొన్న పోయారు." తప్పు తనదే అన్నట్టు వెంటనే కలిపాడు. "పరుపు బాగా ఎండబెట్టే తెచ్చాం."

డ్రైవింగ్ స్కూలావిడ నోరు తెరుచుకునే ఉంది.

"లోపలికి రా నాయనా. కాస్త మంచినీళ్లు తాగు" అంది టైలరమ్మ. కూర్చోబెట్టడానికి చోటు లేక వీల్‌చైరే విప్పి వేసింది. అతను కూర్చున్నాడు, నీళ్లు తాగాడు. ఆమె ఏమీ అడగలేదు. కాసేపటికి అతనే చెప్పాడు.

"పొద్దున్నే తల లేపమనేవారండీ, వీధి కనపడాలని. ఇవాళ కూడా అలవాటుగా వెళ్లి పిడి తిప్పాను."

"ఊఁ" అంది ఆమె.

లోపల టీ పొంగి మాడిన వాసన. అతను వెళ్లేదాకా ఎవరూ పొయ్యి దగ్గరికి వెళ్లలేదు.

"మంచం వచ్చిందంటే ఏంటో మీకు తెలుసు కదా అక్కా?" అంది డ్రైవింగ్ స్కూలావిడ. గొంతులో గట్టిదనం పోయింది.

"తెలుసు."

"మరి చెప్పలేదే."

"చెబుదామనే అనుకున్నాను."

"ఎప్పుడు?"

టైలరమ్మ మెడలోని టేపు తీసి వేలికి చుట్టుకుంది.

"నేను రోజంతా స్టీరింగ్ పట్టుకోవడం రానివాళ్ల పక్కన కూర్చుంటాను. నాకు భయం లేదనుకున్నాను. కానీ ఆ కార్లో నా కాలి కిందా ఒక బ్రేకుంటుందక్కా. ఇక్కడ లేదు." గుమ్మం దాకా వెళ్లి ఆగింది. "మీటింగులకొస్తాను. చందా కడతాను. ఇది నా వల్ల కాదు. ఏమనుకోకండి."

ఏమనుకోవడానికీ టైలరమ్మ దగ్గర ఏమీ మిగల్లేదు. ముందే చెప్పి ఉంటే, బహుశా ఒప్పుకునేదేమో. ఆ 'ఏమో'ను ఆమె చాలా రోజులు మోసింది.

నెలాఖరుకు కొట్టు ఖాళీ చేసింది. ఒక మిషను అమ్మేసింది. రెండోది వంటింటి దారిలో పట్టింది. కత్తిరింపు బల్లకు ఎక్కడా చోటు చాలలేదు. చివరికి ఒక రోగుల మంచాన్నే సమంగా దించి, మీద బల్లచెక్క పరిచి, దాని మీద బట్ట కత్తిరించడం మొదలుపెట్టింది. ఎత్తు బాగానే కుదిరింది. "ఇప్పుడు బట్టలు కూడా పేషెంట్లేనా?" అన్నాడు భర్త. గిరాకీలు కొందరు గడప దగ్గరే ఆగి, "ఎవరికి బాగోలేదు?" అని గొంతు తగ్గించి అడిగేవాళ్లు. కొందరు మళ్లీ రాలేదు.

డాక్టరు ఒకసారి వచ్చి చూశాడు. "చూశారా, సర్దుకుంటే అన్నీ సర్దుకుంటాయి" అని మెచ్చుకున్నాడు. వచ్చే మీటింగులో కొత్తవాళ్లకు ఆమే నాలుగు మాటలు చెప్పాలన్నాడు.

మీటింగులో ఆమె లేచి నిలబడింది. కొత్తవాళ్ల బ్యాడ్జీలు మెరుస్తున్నాయి. వెనక వరసలో డ్రైవింగ్ స్కూలావిడ తల వంచుకుని కూర్చుంది.

"మంచం తిరిగొచ్చినప్పుడు ఎలా ఉందని అడక్కండి" అంది టైలరమ్మ. "మంచినీళ్లివ్వండి. వాళ్లు చెబితే వినండి. ఇంకొకటి. ఎవరూ మాట్లాడనప్పుడు చెయ్యెత్తేముందు, ఇంటికెళ్లి గది చూసుకుని రండి."

డాక్టరు దగ్గాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. సామానుకు చోటెవరిస్తారని ఆ రోజు మళ్లీ అడిగారు. అందరూ టీ కప్పుల్లోకే చూశారు.

మర్నాడు బల్లచెక్క మీద గౌను బట్ట పరిచి సుద్దతో గీతలు పెడుతుంటే ఫోన్ మోగింది. ఊళ్లో జ్వరాల కాలం. మంచాలన్నీ బయటికి వెళ్లిపోయాయి. గదిలో మిగిలింది ఆ చెక్క కింద ఉన్నదొక్కటే. ఖాళీ అయిన చోటునిండా, మంచాలు తిరిగొచ్చేలోగా ఉంచమని క్లబ్బు పంపిన కొత్త వీల్‌చైర్ల అట్టపెట్టెలు.

"అమ్మా, మా అమ్మకి మంచం కావాలండీ" అన్నాడు అవతలి మనిషి. "ఒక్క నెల చాలు."

ఆమె బట్ట వంక చూసింది. గీతలు సగమే పడ్డాయి.

"ఉంది. పిడి కొంచెం బిగుతుగా ఉంది. మీరొచ్చేలోపు నూనె రాసి ఉంచుతాను."

బట్టను గీతలు చెరిగిపోకుండా నెమ్మదిగా చుట్టింది. చెక్క దించి గోడకు ఆనించింది. అట్టపెట్టెల మధ్య నేల మీద, బట్ట కత్తిరించుకోవడానికి చాప పరిచేంత చోటు వెతుక్కుంది.