నిండా మునగని మా బావ

మా బావ దర్జీ. మెడలో రంధ్రం ఉన్న దర్జీ కొట్టెక్కడంటే మా పేటలో చిన్నపిల్లలు కూడా దారి చూపిస్తారు. గొంతులో పుండు లేచి, ముదిరి, చివరికి మాట పుట్టే పెట్టె మొత్తాన్ని డాక్టర్లు తీసేశారు. అప్పటినుంచి ఆయన ముక్కుతో ఊపిరి పీల్చడు. కాలరు గుండీ ఉండాల్సిన చోట గుండీ అంతే ఉన్న రంధ్రంతో పీలుస్తాడు. లోపల చిన్న కవాటమేదో అమర్చారు. వేలితో రంధ్రం మూస్తే ఊపిరి నోటివైపు మళ్ళి గరగరమని మాట వస్తుంది. దర్జీవాడికి రెండు చేతులూ పనిమీదే ఉంటాయి కాబట్టి ఆయన మాట్లాడాలంటే కుట్టు ఆపాలి. మిషను ఆగిందంటే కొట్లో ఉన్నవాళ్ళంతా నోళ్ళు మూసుకుని ఆయన వైపు తిరుగుతారు. నేను పొద్దున లేచింది మొదలు మాట్లాడుతూనే ఉంటాను. ఫ్యాను చప్పుడు విన్నట్టు వింటారు నన్ను.

జబ్బు చెయ్యకముందు ఆయన ప్రార్థన మందిరం గడప తొక్కిన మనిషి కాదు. మా అక్క ప్రతి ఆదివారం బతిమాలేది.

"మీ దేవుడికి చొక్కా కావాలంటే కొలతలు తీసుకురా, కుట్టి పెడతాను. నన్ను మాత్రం కూర్చోబెట్టకు, నడుం నొప్పి" అనేవాడు.

కానీ బాప్తిస్మానికి వేసుకునే తెల్ల అంగీలు మాత్రం మొదటినుంచీ ఆయనే కుట్టేవాడు. నీళ్ళలోకి దిగితే వదులు అంగీ గొడుగులా పైకి లేస్తుంది. ఆడవాళ్ళు సిగ్గుతో చచ్చిపోయేవారు. బావ కింది అంచు మడతలో, వలకు కట్టే సీసపు బిళ్ళలు పెట్టి కుట్టడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత ఏ అంగీ లేవలేదు. నమ్మకం లేని మనిషి కుట్టిన బట్టల్లో మా సంఘమంతా మునిగి తేలింది. నేనూ ఆ అంగీలోనే మునిగాను.

నా సంగతి చెప్పాలంటే రెండు ముక్కలు. అప్పుడు నాకు మీసం మొలుస్తోంది. మమ్మల్ని వరసలో నిలబెట్టారు. అప్పటి ముసలి పాస్టరుగారు, చూపు సరిగా ఆనేది కాదు, నన్ను పట్టుకుని నా వెనకవాడి పేరు పిలిచి ముంచేశారు. ముక్కులోకి నీళ్ళుపోయి నేను దగ్గుతుంటే, వెనకవాణ్ణి మళ్ళీ అదే పేరుతో ముంచారు. ఆ లెక్కన వాడు రెండుసార్లు మునిగాడు, నేను ఒక్కసారీ మునగలేదు. గట్టు మీద మా అమ్మ ఉంది. పేరు తప్పిందని ఆమెకీ తట్టలేదు. నేనూ ఎవరికీ చెప్పలేదు. నీళ్ళయితే పడ్డాయిగా, దేవుడికి ఆ మాత్రం గుర్తుండదా అనుకున్నాను.

పాత కాగితాల కొట్లో నా పని. అట్టలు ఊడినవీ మొదలూ చివరా లేనివీ తూకానికి వస్తాయి. నేను చదువు నేర్చుకున్నది వాటితోనే. రక్షణకు బాప్తిస్మం కావాలా అక్కర్లేదా అని పండితులు కొట్టుకున్న పుస్తకాలు కూడా బోలెడు వచ్చాయి. అన్నీ చదివాను. కావాలన్న వాళ్ళ పక్షానే నిలబడ్డాను. నా దగ్గర ఉన్నది ఆ నీళ్ళే మరి.

ఆపరేషను తర్వాత బావ మారాడు. ఎవరూ బతిమాలకుండానే ఆదివారం వచ్చి చివరి బెంచీలో కూర్చోవడం మొదలుపెట్టాడు. పాటలప్పుడు పెదాలు కదిలేవి, శబ్దం ఉండేది కాదు. అది చూసి మా అమ్మ కొంగు కళ్ళకు అద్దుకునేది. ఆ వరసలోనే కూర్చుని నేను శ్రుతి తప్పకుండా పాడేవాణ్ణి. నావైపు కొంగు లేవలేదు.

అయితే మా సంఘంలో ఒక కట్టుబాటు ఉంది. నెల మొదటి ఆదివారం రొట్టె పళ్ళెం, ద్రాక్షరసం గిన్నె బెంచీల వెంట వస్తాయి. నిండా మునిగి బాప్తిస్మం తీసుకున్నవాళ్ళే తీసుకోవాలి. పళ్ళెం బావ మోకాళ్ళ మీదుగా దాటి నా చేతికి వచ్చేది. ఆయన రెండు చేతులూ మోకాళ్ళకు అతుక్కుని ఉండేవి. అబద్ధమెందుకు, నెల మొత్తంలో నాకు ఆ ఒక్క క్షణమే రుచించేది.

ఆయన మునగలేడు. మెడలో రంధ్రంలోకి గుక్కెడు నీళ్ళుపోతే తిన్నగా ఊపిరితిత్తుల్లోకే పోతాయి. డాక్టరు స్నానం కూడా మెడకు గుడ్డ కట్టుకుని చెయ్యమన్నాడు. మా అక్క వెళ్ళి ఇప్పటి పాస్టరుగారిని నిలదీసింది. ఆయన కుర్రవాడు, మెత్తన. తలమీద నీళ్ళుపోసి ఇచ్చేద్దాం అన్నాడు. సంఘపెద్ద ఒప్పుకోలేదు. ఆయన ఇటుకల బట్టీ యజమాని, పచ్చి ఇటుకను ఎవరూ గోడకు పెట్టరనేది ఆయన వాదన. "తలవెంట్రుక తేలినా మళ్ళీ ముంచాల్సిందే. చెంబెడు నీళ్ళుపోస్తే అది బాప్తిస్మం కాదు, మొక్కకు నీళ్ళు పొయ్యడం" అన్నాడు.

ఆ సాయంత్రం బావ కొట్లో పంచాయితీ. అమ్మ బొత్తాలు కుడుతోంది. అక్క నిలబడే ఉంది.

"ప్రభువు పక్కన సిలువ మీద ఆ దొంగ ఎక్కడ మునిగాడ్రా? వాడికి పరదైసులో చోటు దొరకలేదా?" అంది అక్క నన్ను చూసి.

"వాడికి కాళ్ళూ చేతులూ మేకులు కొట్టి ఉన్నాయక్కా. బావ నడిచి వెళ్ళగలడు" అన్నాను.

"బైబిల్లో ఆ రోమా సైన్యాధికారి ఇంట్లో బాప్తిస్మపు నీళ్ళ కంటే ముందే పరిశుద్ధాత్మ దిగలేదూ?"

"దిగింది. అయినా తర్వాత నీళ్ళు అడిగారు. అక్కర్లేకపోతే ఎందుకడిగారు?"

"నీ నోట్లో మన్నుపడ! నీ బావ చచ్చినా పర్లేదన్నమాట" అంది అమ్మ, సూది నావైపు చూపించి.

"నేనన్నానా? రాసింది చెబుతున్నాను. నమ్మి బాప్తిస్మం పొందినవాడు అని ఉంది. నమ్మి ఊరుకున్నవాడు అని లేదు."

మిషను ఆగింది. అందరం అటు తిరిగాం. బావ నవ్వుతున్నాడు. ఆయన నవ్వుకి శబ్దం రాదు, భుజాలు ఎగురుతాయి, మెడలోంచి గాలి ఈల వేస్తుంది. వేలు పెట్టాడు.

"పండితుడా, నువ్వు చెప్పు. తప్పదంటావా?"

అక్కర్లేదు అంటే అయిపోయేది. కానీ అప్పుడు పళ్ళెం ఆయన దగ్గర కూడా ఆగేది.

"తప్పదు" అన్నాను.

"అయితే దిగుతాను. చెయ్యి కుట్టకుండా చొక్కా ఇస్తే ఎవడు తీసుకుంటాడు?" అని ఊపిరి తీసుకుని మళ్ళీ మూశాడు. "నాతోపాటు నువ్వూ దిగు. ఈ రంధ్రం నువ్వే మూయాలి. కాగితం కట్టలు మోసి మోసి నీ అరచెయ్యి చెక్కలా అయింది, చుక్క దూరదు."

అక్క ఏడ్చింది, తిట్టింది, అన్నం మానేసింది. ఆయన వినలేదు. తనకో అంగీ కుట్టుకున్నాడు, మెడ దగ్గర బాగా దించి. నాకూ ఒకటి కుట్టాడు. నా కొలత తీసుకోలేదు. వేసుకుంటే భుజం దగ్గర దారప్పోగంత తేడా లేదు. ఇన్నేళ్ళలో ఆయన నన్ను అంత పరీక్షగా ఎప్పుడు చూశాడో నాకు తెలియదు.

మందిరంలో వేదిక పలకలు తీస్తే కింద సిమెంటు తొట్టి ఉంటుంది. ఆ ఆదివారం జనం బెంచీలెక్కి మరీ చూస్తున్నారు. నీళ్ళు చల్లగా గుండెలదాకా వచ్చాయి. సీసపు బిళ్ళలు అంగీల్ని కిందికి లాగిపెట్టాయి. పాస్టరుగారు బావ రెండు చేతుల్నీ ఛాతీమీద చేర్చి పట్టుకున్నాడు.

"ప్రభువును నమ్ముతున్నావా?" అని అడిగాడు.

బావకు జవాబు చెప్పడానికి చెయ్యి లేదు. కళ్ళతో నాకు సైగ చేశాడు. నా అరచెయ్యి ఆ రంధ్రం మీద పెట్టి నొక్కాను.

"నమ్ముతున్నాను."

ఆ మాట నా చెవికంటే ముందు నా చేతికి తెలిసింది. వేడి గాలి వచ్చి అరచేతికి కొట్టుకుంది, ఎముకల్లోంచి అదురుతూ మోచేతిదాకా పాకింది. అందులో సందేహం అనే నలుసు లేదు. అదే ప్రశ్న నన్ను అడిగినప్పుడు నేనూ ఆ మాటే అన్నాను. నా ఒంట్లో ఏదీ అదరలేదు. నాకు బాగా గుర్తు. ఈ మనిషి మందిరానికి వచ్చి ఎన్నాళ్ళయిందని? నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు.

పాస్టరుగారు ఆయన వీపు కింద చెయ్యి వేసి వెనక్కి వంచాడు. బావ పైకప్పు చూడలేదు, నన్నే చూస్తున్నాడు. నీళ్ళు నా చిటికెన వేలికి తగిలాయి. నా వేళ్ళ సందులోంచి బుడగ ఒకటి పైకి వచ్చింది. గాలి బయటికి రాగలిగిన చోట నీళ్ళు లోపలికి పోలేవా?

"ఆపండి!" అని బావ చంకల కింద చేతులు వేసి పైకి లేపేశాను.

"మునగలేదు! మళ్ళీ ముంచండి!" అని అరిచాడు సంఘపెద్ద.

"మునగడు. నేను చెయ్యి పెట్టను" అన్నాను.

"తప్పదని నాలుగు వీధులూ తిరిగి వాదించింది నువ్వే కదయ్యా?"

"వాదించాను. కావాలంటే మీరు దిగి మూయండి."

ఆయన అంగుళం కదల్లేదు. బావ ఒక చెయ్యి విడిపించుకుని మెడకు పెట్టుకున్నాడు. "సన్నాసీ! సగం కుట్టి వదిలేస్తావా?" అన్నాడు. ఎవరో పకపకా నవ్వారు. అంతే, మందిరమంతా నవ్వు.

పాస్టరుగారు నవ్వలేదు. దోసిట్లో నీళ్ళు తీసుకుని, చెయ్యి అడ్డంపెట్టి, మెడకు చుక్క జారకుండా బావ నడినెత్తిమీద పోశాడు. పేరు పలికాడు. ఇంటిపేరుతో సహా, నిదానంగా, అక్షరం పొల్లుపోకుండా. నేను తొట్టి అంచు పట్టుకుని చివరి అక్షరం దాకా విన్నాను.

గట్టెక్కాక తడిబట్టలతోనే పాస్టరుగారిని పట్టుకున్నాను. "ఇది చెల్లుతుందా?"

"ఆ మాట నీ చేతికిందే పుట్టింది. చెల్లుతుందో లేదో నువ్వే చెప్పు" అన్నాడు.

"నా దగ్గర రెండు పక్షాల పుస్తకాలూ ఉన్నాయి."

"ఉండనీ" అని తలతుడుచుకోవడానికి వెళ్ళిపోయాడు. నా పేరు సంగతి ఆయనకు చెబుదామనుకున్నాను. అప్పటికే జనం బావ చుట్టూ మూగారు.

తర్వాతి నెల మొదటి ఆదివారం సంఘపెద్ద మొహం గోడవైపు తిప్పుకుని కూర్చున్నాడు గానీ పళ్ళేన్ని ఆపలేదు. అది బావ మోకాళ్ళ దగ్గర ఆగింది. ఆయన రొట్టెముక్క తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు. వేలు రంధ్రానికి ఆనించి, "ఆమేన్" అన్నాడు. తుప్పుపట్టిన తలుపు తెరుచుకున్నట్టుంది. మందిరంలో ఉన్న ప్రతి తలా వెనక్కి తిరిగింది. అక్క వెక్కివెక్కి ఏడ్చింది. అమ్మ అల్లుడి వీపు నిమిరింది.

పళ్ళెం నా చేతికి వచ్చింది. నేనూ తీసుకున్నాను. ఏ రోగమూ లేని గొంతుతో, గట్టిగానే, ఆమేన్ అన్నాను. ఎవరూ తిరగలేదు. బావ ఒక్కడే మెడ తిప్పి నన్ను చూశాడు.

చివరికి నా ఆమేన్ విన్న పుణ్యం కూడా ఆయన ఖాతాలోకే పోయింది.