పాట మధ్యలో అమ్మ కేక

నిన్న నర్సీపట్నం బస్టాండులో ఆటో ఎక్కితే, డ్రైవరు ఫోన్లో మన చిన్ననాటి పాట ఒకటి పెట్టాడు.

మీకూ గుర్తుండే ఉంటుంది. రేడియోలో నచ్చిన పాట రాగానే టేప్‌రికార్డరు దాని పక్కన పెట్టి, రెండు బటన్లూ కలిపి నొక్కి, ఇంట్లో అందరి నోళ్లూ మూయించేవాళ్లం. ఈ పాట మొదటి చరణం అయ్యేసరికి వంటింట్లోంచి అమ్మ కేకేసింది.

"బేగి రావే, అన్నం సల్లారిపోతంది!"

అదీ రికార్డయిపోయింది. పాట పాడుచేశావని అమ్మ మీద అరిచాను. పాట మళ్లీ వచ్చిన రోజు, ఆ కేక మీదే కొత్తగా రికార్డు చేశాను.

క్యాసెట్లు పోయాయి, సీడీలూ పోయాయి. అమ్మా పోయింది. నిన్న ఆటోలో మొదటి చరణం అవుతుంటే ఊపిరి బిగబట్టాను. పాట శుభ్రంగా రెండో చరణంలోకి వెళ్లిపోయింది.