ఉరికే అక్షరాలు

మా నాయన కోరుట్లలో దుకాణాలకు బోర్డులు రాసేవాడు. నేను బడికి పోలేదు. ఆయన బోర్డులే నాకు పలక. వేలు పట్టి దిద్దించిన ఆ చేతి పుణ్యమే ఈ నాలుగు మాటలు రాయిస్తోంది.

ఒకసారి సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు నడిపే యువకులు తెల్ల బనియన్ల మూట తెచ్చారు. జగిత్యాల కబడ్డీ పోటీకి జట్టు పేరు, నంబర్లు రాయాలన్నారు. నాయన తన అలవాటు ప్రకారం అక్షరాలకు తోకలు, కింద నీడ పెట్టి చూపించాడు.

"కాకా, గిది కిరాణ దుకాణం బోర్డు లెక్కున్నది. మా అక్షరాలు ఉరకాలె," అన్నాడు ఒకడు.

"అక్షరాలు ఉరుకుతయారా?"

"మేం ఉరుకుతలేమా! ఎర్రగ, లావుగ, ముంగటికి వంగి ఉండాలె."

నాయన తోకలు తీసేశాడు, నీడ తీసేశాడు. దారానికి సుద్దపొడి పట్టించి బనియన్ మీద ఏటవాలుగా లాగి కొట్టాడు. ఒక కొస నేను పట్టుకున్నాను. ఆ గీతకు ఆనించి లావుగా రాస్తే ఏడో నంబరు నిజంగానే పరుగందుకుంది.

అడవిలో అన్నలు, రోడ్ల మీద జీపులు తిరిగే కాలం. మూట పూర్తికాకముందే ఒక పొద్దున ఊరి గోడ మీద ఎర్ర రాతలు కనిపించాయి. పోలీసులు నాయన వేళ్లకు అంటిన ఎర్రరంగు చూసి జీపెక్కించారు. అట్లా పోయి తిరిగిరానివాళ్లు ఉన్నారు. అమ్మ కొంగుకు ముడి వేసింది. "వేములవాడ రాజన్నా, మనిషిని ఇంటికి తోలు. నీకు కోడెను కడుత," అని మొక్కింది. బనియన్ల మూట నెత్తిన పెట్టుకుని నన్ను వెంటబెట్టుకుని ఠాణాకు నడిచింది.

అక్కడ ఎస్సై గోడ మీది మాటలనే నాయన చేత అట్ట మీద రాయిస్తున్నాడు. రాసిన ప్రతి అక్షరమూ ముందుకు వంగుతోంది.

"ఏషాలేస్తున్నవా? గోడ మీద నిలువుగ రాసినవు గద!"

"గోడ మీద నేను రాయలే సార్. గీ బనియన్లు రాసి రాసి చెయ్యి గట్లనే పోతున్నది."

అమ్మ మూట విప్పింది. "చూడుండ్రి సారూ, గివ్వే రాస్తున్నడు. రంగు గిందుకే."

ఒక కానిస్టేబుల్ ఏడో నంబరు బనియన్ తీసి ఛాతీకి ఆనించుకున్నాడు. "నిలవడ్డా ఉరికినట్టే కొడుతున్నది సార్!"

ఎస్సై బనియన్ చూశాడు, అట్ట చూశాడు. రెండింటి వంపూ ఒకటే. బిగిసిన మొహం సడలింది.

"పో. గీ మూటతోని ఎర్రరంగు బంద్. పోటీకి మా జట్టు గూడ వస్తున్నది, నీలం రంగుతోని రాసియ్యి."

"ఉరకాల్నా సార్, నిలవడాల్నా?" అని అడిగేసి నాయన నాలుక కరుచుకున్నాడు.

"ఉరకాలె. సిరిసిల్లోళ్ల కంటె ముంగట ఉరకాలె," అంటూ ఎస్సై నవ్వాడు.

ఆ నవ్వును నేను దేవుడి ఖాతాలోనే వేశాను. వేములవాడలో కోడె తాడు పట్టుకుని గుడి చుట్టూ తిరిగినప్పుడు నాయన వేళ్లకు నీలం రంగుంది. అమ్మ ఆ వేళ్లను కళ్లకద్దుకుంది.