ఒక దెబ్బకు ఎన్ని చెరుకు గడలు

ఆ ఆదివారం మధ్యాహ్నం మా బావ కోట బురుజు మీద నుంచి దూకి, కింద పోతున్న ఏనుగు వీపు మీద పడి, అక్కడి నుంచే ముగ్గురు సైనికులను నరికాడు. చిటికెన వేలు కూడా బెణకలేదు. కాసేపటికి అన్న పాదానికి ఒక బాణం తగిలింది. అన్న చచ్చిపోయాడు.

నిజానికి ఇద్దరూ బాన్సువాడలో, నేను పనిచేసే ఫ్లెక్సీ షాపు వెనక గదిలో, చాప మీద కూర్చుని మిర్చి బజ్జీలు తింటున్నారు. చచ్చినవాడు కొంచెం ఎక్కువే తింటున్నాడు.

ఆట ఏమిటంటే, ఒకడు కథ చెప్తాడు. అది నేను. మిగతా ముగ్గురూ ఆ కథలో తలా ఒక మనిషి. ఎదురుగా రాక్షసుడు వస్తే తమ మనిషి ఏం చేస్తాడో నోటితో చెప్పాలి. ఆ పని అయిందా లేదా అన్నది పాచికలు వేసి తేలుస్తాం. నేల మీద ఒక మ్యాపు ఉంటుంది. పాత ఫ్లెక్సీ వెనకవైపు మార్కర్‌తో నేనే గీశాను. ముందువైపు ఎవరో నాయకుడికి జన్మదిన శుభాకాంక్షలు. అంచు మడత పడ్డప్పుడల్లా ఆయన మీసం బయటికొస్తుంది. అది సరిగ్గా అడవి పక్కనే వస్తుంది కాబట్టి అడవిలో కలిపేసుకున్నాం.

బావ మా మేనమామ కొడుకు. వరి, చెరుకు వేసే ఇల్లు. ఆటలో గేదెల దొంగ. అన్న, అక్క నా తోడబుట్టినవాళ్లు కారు, పిలుపుకే. అన్న మహమ్మద్ నగర్‌లో ఒక ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్, చర్చి అయ్యాక ఇస్త్రీ మడత చెదరని తెల్ల చొక్కాతో నేరుగా మా గదికే వస్తాడు. ఆటలో విలుకాడు. అక్క ఒక ప్రైవేటు దవాఖానలో నర్సు. ఆటలో నోట్లోంచి మంటలు కక్కే ముసలి మంత్రగత్తె. ఎంత అలసిపోయి వచ్చినా రెండు ఊళ్లు తగలబెట్టాక గాని టీ తాగదు.

"ఏంది తమ్మి గిది?" అన్నాడు అన్న. "ఆయన బురుజు మీదికెళ్లి దుంకితే ఏం కాలె. నాకు పాదంల బాణం గుచ్చుకుంటే సచ్చిపోయిన్నా?"

"అన్నా, బాణానికి రూల్ ఉన్నది. దుంకుడుకు రూల్ లేదు."

"అంటే రూలున్నోడు సావాలె, లేనోడు బతకాలె. బయట గట్లనే ఉన్నది గదా. ఇగ ఆట ఎందుకు?"

"హీరోకు ఏమన్న అయితదా అన్నా?" అన్నాడు బావ.

"హీరోవా? గేదెల దొంగవు నువ్వు!"

అన్న మాటలో తప్పు లేదు. ఇంటర్నెట్‌లో దొరికిన రకరకాల నియమాలను ముక్కలు ముక్కలుగా తెచ్చి కుట్టాను నేను. బాణాల గురించి రాసినవాడెవడో మహా శ్రద్ధ గలవాడు. ఎక్కడ తగిలింది, ఏ నరం తెగింది, ఎంత రక్తం పోయింది, అన్నిటికీ పాచిక వేయించాడు. దూకడం దగ్గరికి వచ్చేసరికి ఆయనకు నిద్ర వచ్చినట్టుంది.

కాని అన్నకు ఆ విలుకాడంటే ప్రాణం. ఏడాది పైనుంచి పెంచుతున్నాడు. వాడికో ఊరు, ఒక ముసలి గుర్రం, ఎప్పుడూ తిట్టే తల్లి. ఆ తల్లి తిట్లు మాకు కూడా నోటికొచ్చు. అన్న చేతులు తుడుచుకుని లేచాడు.

"ఒక్కటి తేల్చున్రి. అన్ని దెబ్బలు నిజంవన్నా కావాలె, లేకుంటె అన్ని సినిమావన్నా కావాలె. నా మనిషి సచ్చిండో బతికిండో సక్కగ చెప్పున్రి. లేకుంటే వచ్చే ఆదివారం నేను రాను."

"అన్ని నిజంవైతే నేను రాను," అన్నాడు బావ.

ఒక్కడు తగ్గితే ఆట లేదు. మిగిలిన ఇద్దరితో కోట ముట్టడి సాగదు. ఆట లేకపోతే ఆదివారం మధ్యాహ్నం నాకు మిగిలేది బస్టాండులో నిలబడి బిచ్కుంద బస్సుకు సీటు ఎవరికి దొరికిందో చూడటం. అది కూడా పోరాటమే గాని, అందులో మంత్రాలుండవు.

అసలు తగువు ఎక్కడుందని వెతికితే ఒక ప్రశ్న దగ్గర ఆగాం. కత్తి దెబ్బకు నిజంగా ఎంత బలం ఉంటుంది? ఇంకో ఊళ్లో అయితే పుస్తకం తీసి చూసేవాళ్లేమో. బావ వేరే దారి చెప్పాడు.

"మా చెరుకు కొట్టుడు నడుస్తుంది. చేన్లకు పోదాం పా. ఒక్క దెబ్బకు ఎన్ని గడలు తెగితే కత్తికి అన్ని పాయింట్లు."

ఇది ఎంత తెలివితక్కువ పనో ఆ క్షణంలో మా నలుగురిలో ఒక్కరికీ తట్టలేదు. పైగా అక్క ఇంకా ముందుకు తీసుకుపోయింది. "మనిషి తొడ అంటే నాలుగు గడలు కట్ట కట్టినంత ఉంటది," అంది. ఇలాంటి సంగతులు ఆమె బజ్జీ కొరుకుతూ చెప్తుంది.

రెండు రోజుల తర్వాత సాయంత్రం చేను దగ్గర కలిశాం. ఉత్తగా చూసిపోతానని చెప్పి అన్న కూడా వచ్చాడు. మహారాష్ట్ర నుంచి వచ్చిన కూలీలు అటు చివర నరుకుతున్నారు. మేము నాలుగు గడలను తొడలాగా కట్టి నిలబెట్టడం చూసి వాళ్లలో వాళ్లు మరాఠీలో ఏదో అనుకున్నారు. మాకు నవ్వు మాత్రమే అర్థమైంది.

బావ కత్తి ఎత్తాడు. మొదటి దెబ్బకు కట్ట మొత్తం తెగి అవతల పడింది. బావ మెల్లగా తల తిప్పి మావైపు చూశాడు, వెనక ఎవరైనా డప్పు కొడతారేమోనని. ఎవరూ కొట్టలేదు. రెండో కట్టలో ఒక గడ మిగిలింది. తర్వాతి దానిలో కత్తి మధ్యలోనే ఇరుక్కుంది. ఆ తర్వాత గడలకు గీతలు పడ్డాయి, బావకు ఆయాసం వచ్చింది.

చూడ్డానికి వచ్చిన అన్న ఆగలేక కత్తి తీసుకున్నాడు. మొదటి దెబ్బ బావ కంటే బాగా పడింది. ఆ తర్వాత ఒక్కోటీ దిగజారి, చివరికి అరచేతిలో బొబ్బ లేచింది. అక్క మొదటి దెబ్బ అందరికంటే గొప్పది. ఎవరిని తలుచుకుని కొట్టిందో మేము అడగలేదు. నేను కొట్టింది గడకు తగలకుండా రాయికి తగిలి నిప్పురవ్వ లేచింది. మంత్రం అని చెప్పాను. ఒప్పుకోలేదు.

అంతలో మామ గట్టు మీద నుంచి వచ్చాడు.

"ఏం జేస్తుండ్రు అల్లుడా?"

"రాక్షసుణ్ణి సంపనీకి ఎన్ని దెబ్బలు కావాల్నో చూస్తున్నం మామా."

మామ మా నలుగురినీ, కట్టలనూ, కత్తినీ చూశాడు. మొహంలో ఏ మార్పూ లేదు.

"రాక్షసుడు గీ సాలు చివర్ల ఉన్నడు. కొట్టుకుంట పోన్రి."

ట్రాక్టర్ వచ్చి నిలబడి ఉంది. మామకు ఎదురు చెప్పే అలవాటు మా ఇళ్లలో లేదు. కొట్టుకుంటూ పోయాం. సాలు చివర రాక్షసుడు లేడు, ఇంకో సాలు ఉంది.

చీకటి పడక ముందే గట్టు మీద కూలబడి తలా ఒక గడ నములుతుంటే, అన్న తన బొబ్బ చూసుకుంటూ అన్నాడు, "మొదటి దెబ్బ సినిమానే తమ్మి. తర్వాతివే నిజం."

"నేను చెప్పలె?" అన్నాడు బావ, అసలేమీ చెప్పకుండానే.

అక్క గడ పిప్పి ఊసింది. "నిజం నిజం అని మొత్తుకుంటుండ్రు గని, పాదంల ఇనుప మొల గుచ్చుకుని మా దవాఖానకు ఎంతమంది వస్తరు, సస్తరా? సూది ఇస్తే నన్ను తిడ్తరు, కుంటుకుంట ఇంటికి పోతరు. మనిషి గంత జల్ది సావడు. తమ్మి, నీ బాణం రూల్ రాసినోడు ఎన్నడూ దెబ్బ తిననట్టున్నడు."

"అంటే నా మనిషి?" అన్నాడు అన్న. గొంతులో ఆత్రం దాచుకున్నాననే అనుకున్నాడు.

"బతికే ఉన్నడు. కుంటుతడు. నెల దాకా ఉరకొద్దు," అంది అక్క, ఎదురుగా పేషెంటు ఉన్నట్టే. "గని ఒక్క మాట. వారమంతా నిజమే చూస్తున్న నేను. ఆదివారం నాకు మంటలు కావాలె. ముట్టుకోకున్రి."

అక్కడే తేలింది. ప్రతి పోరాటంలో తలా ఒక్క సినిమా దెబ్బ. అది ఎలా సాధ్యమని ఎవరూ అడగకూడదు. అది అయిపోయాక చేతులు నొస్తాయి, దెబ్బ దెబ్బకూ బలం తగ్గుతుంది, గాయాలు గాయాలుగానే ఉంటాయి.

"ఒక్కటేనా?" అన్నాడు బావ. "ఇంకొకటి పెట్టున్రి. రూపు రేఖ ఉన్న మనిషిని."

"ఒక్కటే," అంది అక్క. బావ గొణుక్కుంటూనే ఒప్పుకున్నాడు. అన్న మాత్రం వస్తాననీ రాననీ అనలేదు. బండెక్కి వెళ్లిపోయాడు.

ఆదివారం చర్చి విడిచి చాలాసేపైంది. బజ్జీలు చల్లారాయి. బావ తలుపు వైపు చూడనట్టు నటిస్తూ చూస్తున్నాడు. చివరికి అన్న వచ్చాడు, చేతికి అక్క కట్టిన కట్టుతో. కుడిచేత్తో పట్టు దొరక్క ఎడమచేత్తో పాచికలు వేస్తానన్నాడు.

కోట లోపల రాక్షసుడు. బావ మొదటి ఊపులోనే సినిమా దెబ్బ వాడేశాడు, అది కూడా నీళ్లు మోసుకుపోతున్న మనిషి మీద. శత్రువు అనుకున్నాడట. ఇక చేతులు నొస్తున్నాయి. రాక్షసుడు గేదెల దొంగను గొంతు పట్టి పైకెత్తాడు. అక్క మంటలు అంతకు ముందే అయిపోయాయి.

"తమ్మి," అన్నాడు అన్న, "నాది ఉన్నది గదా?"

"ఉన్నదన్నా."

అన్న చాప మీద లేచి నిలబడ్డాడు. "గుర్రం మీదికెళ్లి ఎగురుత. గాల్ల మూడు సుట్లు తిరుగుత. తిరుగుకుంటనే బాణం కొడ్త. వాని కంట్ల."

"కుంటి కాలుతోని మూడు సుట్లా అన్నా?" అన్నాడు బావ.

"నీ గొంతు వాని చేతుల ఉన్నది. నువ్వెట్ల మాట్లాడుతున్నవ్?"

బావ రెండు చేతులతో గొంతు పట్టుకుని నాలుక బయటపెట్టాడు. అన్న ఎడమచేత్తో పాచికలు విసిరాడు. అవి ఒకదాన్నొకటి తగిలి నాయకుడి మీసం పక్కన ఆగాయి. కంట్లోనే పడింది బాణం. అన్న ఇంత గట్టిగా అరవగలడని అప్పటిదాకా మాకు తెలియదు. రాక్షసుడు ఊగి ఊగి, గేదెల దొంగ మీద పడ్డాడు.

"పడితే పడ్డడు," అన్నాడు బావ, "నాకేం కాదు గదా?"

అక్క అప్పటికే ముందుకు వంగింది. "నీ సినిమా అయిపోయింది. ఏ కాలు మీద పడ్డడో చెప్పు."